తెల్లదొరల శాంతిభద్రతలు: నల్లమల అంచున మన జాతుల అనుభవం

(ఆగస్టు 31, విముక్త జాతుల దినం సందర్భంగా మహానందిలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున నుంచి పాటలు విన్నాం, ఆటలు చూశాం. చెంచు పిల్లలు, సుగాలి ఆడబిడ్డలు, మా ఎరుకల ముసలమ్మలు అందరూ ఒకే పందిరి కింద కూర్చోవడం చూస్తే కడుపు నిండింది. ఇప్పుడు నేను చెప్పబోయేది పాట కాదు, పోలీసుల కథ. పండుగ పూట ఈ మాటలెందుకు అనుకోవద్దండి. ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నదే ఒక చట్టం పోయినందుకు. ఆ చట్టం ఎందుకు వచ్చిందో తెలియకపోతే అది పోయినందుకు సంతోషించడం ఎట్లా?

మొన్న మా కాలనీలో డిగ్రీ చదివే పిల్లవాడు అడిగినాడు: "సార్, మనల్ని దొంగ జాతి అని అనింది ఎవరు? ఎప్పుడు అనినారు?" నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఇంటికి పోయి నా పుస్తకాలన్నీ తిరగేశాను. ఈ ప్రసంగం ఆ పిల్లవాడికి నేను బాకీ ఉన్న జవాబు.

ముందు మన చోటు చూడండి. మన వెనక నల్లమల. ఈ కోనేటి నీళ్ళు పారి పండిన అరటితోటలు, ఆ కింద నంద్యాల రేగడి భూములు. దక్షిణాన నంది కనుమ దాటితే గిద్దలూరు. పాతకాలంలో ఈ కనుమల్లో ప్రయాణం చేసేవాళ్ళకు కాపు కాసింది ఎవరు? చెంచులు. శివరాత్రికి శ్రీశైలం పోయే యాత్రికులను అడవి దాటించి, అందుకు వాళ్ళు ఇచ్చింది తీసుకునేవాళ్ళు. అది వాళ్ళ హక్కు. కింద మైదానంలో పాలెగాళ్ళు, వాళ్ళ కింద కట్టుబడి బంట్రోతులు ఊరికి కావలి కాసేవాళ్ళు. కావలి కాసినందుకు తక్కువ పన్నుతో కొంత భూమి అనుభవించేవాళ్ళు. ఆ పాలెగాళ్ళ రాజ్యం బంగారు కాలమని నేను అనను. వాళ్ళూ దోచుకున్నారు, వాళ్ళలో వాళ్ళు కొట్లాడుకున్నారు. అయితే కావలి కాసేవాడు ఆ ఊరివాడే, ఆ అడవివాడే. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

1800లో నిజాము ఈ సీమ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే వీటిని దత్త మండలం అన్నారు. నంద్యాల మాత్రం కర్నూలు నవాబు కింద ఇంకొన్నాళ్ళు ఉండింది. 1839లో ఆయుధాలు కూడబెడుతున్నాడన్న నేరం మోపి నవాబు గులాం రసూల్ ఖానును దించి, ఇదీ కలుపుకున్నారు. దత్త మండలానికి మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. మనవాళ్ళు ఆయన్ను మంచి దొర అంటారు, కొందరు పిల్లలకు ఆయన పేరు కూడా పెట్టుకున్నారు. ఆయన రైతుతో నేరుగా మాట్లాడిన మాట నిజమే. ఆయన కాలంలోనే సైన్యం దిగి పాలెగాళ్ళ కోటలను లొంగదీసిన మాట కూడా నిజమే. ఎదిరించినవాళ్ళను పట్టుకున్నారు, తగ్గినవాళ్ళకు పింఛను ఇచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళ బలగాన్ని రద్దు చేశారు, కావలి హక్కులు తీసేసుకున్నారు. తర్వాత 1816లో ఊరి పోలీసు పనిని గ్రామ పెద్ద మీద పెట్టారు. జిల్లా మొత్తానికి కలెక్టరే న్యాయాధికారి, పోలీసు అధికారి. శిస్తు వసూలు చేసే చేతికే బెత్తం కూడా ఇచ్చారన్నమాట.

ఆ బెత్తం ఎట్లా పడిందో వాళ్ళే రాసుకున్నారు. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం జనాన్ని హింసిస్తున్నారన్న గోల ఎక్కువైతే మద్రాసు ప్రభుత్వం ఒక విచారణ సంఘం వేసింది. 1855లో ఆ నివేదిక వచ్చింది. మెడకూ కాళ్ళకూ తాడు కట్టి మనిషిని వంచి ఎండలో నిలబెట్టడం, వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కడం, ఇట్లాంటివన్నీ అందులో ఉన్నాయి. దొరలు తప్పంతా కింది ఉద్యోగుల మీద వేశారు. ఆ ఉద్యోగులకు అంత శిస్తు తెమ్మని చెప్పింది ఎవరన్న ప్రశ్న మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు మనకందరికీ తెలిసిన కథకు వస్తాను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. సినిమా చూసినారు కదా? సినిమాలో గుర్రాలు, కత్తులు బాగానే ఉన్నాయి. అసలు గొడవ ఎక్కడ మొదలైందో అడుగుతాను చెప్పండి. పింఛను దగ్గర, కట్టుబడి మాన్యాల దగ్గర. నొస్సం పాలెగాళ్ళ వంశానికి చెందిన ఆయనకు కంపెనీ ఇచ్చే పింఛను నెలకు 11 రూపాయల చిల్లర. ఇంటివాళ్ళలో పోయినవారి వాటా తనకు రావాలంటే ఇవ్వలేదు. అదే సమయంలో కట్టుబడి బంట్రోతుల మాన్యాలను, వాళ్ళు చనిపోగానే సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. కావలి పోయింది, కావలి భూమి కూడా పోయింది. అందుకే 1846లో ఆయన వెనక నడిచినవాళ్ళు ఒక్క కులం వాళ్ళు కాదు. కట్టుబడివాళ్ళు, బోయలు, వడ్డెలు, చెంచులు ఉన్నారు. వడ్డె ఓబన్న పేరు ఈ మధ్య వింటున్నాం. ఓబన్న పేరు వినడానికి మనకు నూటాయాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఆయన పక్కనున్న చెంచుల పేర్లు ఎంతమందికి తెలుసు?

వాళ్ళు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. నల్లమలలోకి, కొండల్లోకి వెళ్ళి కొన్ని నెలలు తప్పించుకున్నారు. సర్కారు అప్పుడు ఏమేం చేసిందో వరసగా చెబుతాను, ఎందుకంటే తర్వాత వంద ఏళ్ళు అన్ని చోట్లా ఇదే వరస. మొదట బయటి నుంచి సైన్యం తెప్పించారు. తల మీద బహుమతి ప్రకటించారు. బహుమతి ఆశతో, భయంతో ఊళ్ళల్లో సమాచారం చెప్పేవాళ్ళను తయారు చేసుకున్నారు. 1846 అక్టోబరులో పేరుసోమల కొండ దగ్గర పట్టుకున్నారు. సుమారు 900 మంది మీద కేసులు పెట్టారు. అందులో శిక్ష పడింది నూరుమంది పైచిలుకుకు. మిగిలినవాళ్ళ మీద నేరం నిలవలేదు. ఈ లెక్కను ఒక్కసారి ఆలోచించండి. నేరం నిలవని వందలాది మందిని ఎందుకు పట్టుకున్నట్టు? పట్టుకుంటే చాలు, ఊరు భయపడుతుంది. ఆ నెలల్లో వాళ్ళ పొలం ఎవరు దున్నారు, పిల్లలకు కూడు ఎవరు పెట్టారు, ఏ కాగితంలోనూ లేదు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం అందరూ చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీశారు. తలను కోట మీద వేలాడదీశారు. ఎన్నాళ్ళు? 1877 దాకా, ముప్పై ఏళ్ళు. ఆ ఏడు పుట్టిన బిడ్డ పెరిగి పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నా ఆ తల అక్కడే ఉంది. ఇక్కడి నుంచి కోయిలకుంట్ల రెండు గంటల దారి కూడా లేదు. సంతకు పోయే ప్రతివాడూ దాన్ని చూసే పోవాలి. ఆ కాలపు శాంతిభద్రతలకు అంతకంటే సూటి బోర్డు ఇంకోటి లేదు.

1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. రెవెన్యూ నుంచి పోలీసును విడదీసి, యూనిఫారం ఇచ్చి, రాబిన్సన్ అనే దొరను మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను చేశారు. గొడవ జరిగిన ఊళ్ళో అదనపు పోలీసులను దించి, వాళ్ళ జీతం ఖర్చు ఆ ఊరివాళ్ళ దగ్గరే వసూలు చేసే పద్ధతి కూడా ఈ కాలపు పోలీసు చట్టాల్లోదే. దాన్నే శిక్షా పోలీసు, శిక్షా పన్ను అన్నారు. మనల్ని కొట్టే కట్టెకు మనమే డబ్బులు కట్టాలి.

ఇక మన బతుకులు ఎక్కడ తిరగబడ్డాయో చూద్దాం. మా ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు తెచ్చి సీమలో ఇచ్చి, ధాన్యం తీసుకుపోయేవాళ్ళు. సుగాలీలు వేల ఎద్దులతో సైన్యాలకే తిండిగింజలు మోసినవాళ్ళు. సర్కారు ఉప్పును తన చేతిలోకి తీసుకుని పన్ను పెంచింది. తర్వాత రైలు వచ్చింది. ఇక్కడ గాజులపల్లె దాటితే బొగద సొరంగం ఉంది చూడండి, ఆ దారిన రైలు పరుగెత్తాక ఎద్దు మీద ఉప్పు ఎవరు కొంటారు? ఇక మిగిలింది అడవి. వెదురు, ఈతాకు, చీపురు పుల్ల, పశువుల మేత. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవి రిజర్వు అయింది. నిన్నటిదాకా గంపకు వెదురు కొట్టుకున్న మనిషి మర్నాడు నేరస్తుడయినాడు. చెంచు తన ఇంట్లోనే అనుమతి అడగాల్సి వచ్చింది.

ఈ మధ్యలో 1876-78 కరువు. దాన్ని ధాత కరువు అంటారు. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. ఆకలికి గింజల కొట్లు పగలగొట్టడం దత్త మండలంలో ఎన్నో చోట్ల జరిగింది. సర్కారు కొట్టుకు కాపలా పెట్టింది, ధాన్యం వ్యాపారంలో మాత్రం వేలు పెట్టకూడదంది. కూడు లేక దారి పట్టిన గుంపును చూస్తే పోలీసుకు ఏమనిపిస్తుంది? దొంగల గుంపు వస్తోందనిపిస్తుంది. మనం అట్లా అనుమానితులం అయినాం. ఇది దాచకుండా చెప్పుకోవాలి: కొందరు దొంగతనం చేశారు. ఆకలికి చేసినవాళ్ళు ఉన్నారు, అలవాటుగా చేసినవాళ్ళూ ఉన్నారు. అన్ని కులాల్లోనూ ఉన్నట్టే మనలోనూ ఉన్నారు. చేసినవాడిని పట్టి శిక్షించడానికి చట్టం అప్పటికే ఉంది. దొరలకు అది చాలలేదు.

1871లో ఉత్తర దేశంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఇదీ ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు. మనకు ఆ పేరు పెట్టిన కాగితానికి ఒక తేదీ ఉంది. ఆ చట్టం ఎట్లా పనిచేసిందో వినండి. ప్రభుత్వం ఒక జాతిని గానీ గుంపును గానీ నేరస్థ జాతి అని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన తప్పు అని ఏ కోర్టుకూ పోవడానికి లేదు. జిల్లా మేజిస్ట్రేటు పేర్లు రిజిస్టరులో రాయిస్తాడు, వేలిముద్రలు తీసుకుంటాడు. చెప్పిన వేళకు వచ్చి హాజరు చెప్పాలి. ఊరు కదిలితే తెలియజేయాలి. తప్పితే జైలు. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్ళు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరం. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చారు. దొంగ ఎరుకలు, దొంగ దాసరులు, దొంగ వడ్డెలు అని సర్కారు పుస్తకాల్లోనే పేర్లు రాశారు. మనిషి పుట్టకముందే పేరు ముందు దొంగ అని చేర్చారు.

ఆ పేర్లకు శాస్త్రం అండ కూడా తెచ్చుకున్నారు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మన తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. పోలీసు అధికారులకు జాతుల గురించి పాఠాలు చెప్పింది కూడా ఆయనే. ఆ పుస్తకాల్లో మన పాత ఆచారాలు, మాటలు ఎన్నో భద్రంగా ఉన్నాయి, మీరు చదవండి. చదివేటప్పుడు ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉందో మరిచిపోవద్దు.

తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. మన జిల్లాలో ఆత్మకూరు దగ్గర సిద్ధాపురం. నెల్లూరు జిల్లాలో కావలి. బాపట్ల పక్కన స్టూవర్టుపురం. ఆ ఊరికి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. కొన్ని చోట్ల భూమి ఇచ్చారు, బడి పెట్టారు. ఆ బడుల్లో చదివి పైకొచ్చినవాళ్ళు ఉన్నారు, కాదనను. అయితే బయటికి పోవాలంటే పాసు కావాలి. చీరాల పొగాకు కంపెనీకి స్టూవర్టుపురం నుంచి కూలీలు పోయేవాళ్ళు. సంస్కరణ అన్న మాటకు అటువైపు చవకగా దొరికే కూలీ కూడా ఉంది. స్వరాజ్యం వచ్చాక కూడా ఆ ఊరి పేరు చెబితే జనం నవ్వేవాళ్ళు. జాషువా గారి కుమార్తె హేమలత లవణం గారి వంటివాళ్ళు అక్కడికి పోయి ఏళ్ళ తరబడి పనిచేయాల్సి వచ్చింది.

మా ఇంటి మాట ఒకటి చెబుతాను. మా జేజి గంప అల్లుతూ చెప్పేది: "మీ జేజినాయన రాత్రిపూట ఇంట్లో పండుకునింది తక్కువ నాయనా. పేరు పిలిస్తే పలకాల కదా, స్టేషను కాడ చింతచెట్టు కిందనే పండుకునేటోడు." నేను చిన్నపిల్లవాణ్ణి, ఆయనకు అక్కడ ఉద్యోగమేమో అనుకున్నాను. బడిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా అయ్యవారు ఏమీ అనలేదు, తల నిమిరి కూర్చోమన్నారు. ఆ చెయ్యి ఎందుకు నిమిరిందో నాకు తెలిసేసరికి నాకు మీసాలు వచ్చాయి.

ఈ చట్టానికి ఎదురు తిరిగినవాళ్ళు లేరా? ఉన్నారు. మదురై జిల్లా పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న వేలిముద్రలు ఇవ్వమన్న కళ్ళర్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు, పదహారు మందికి పైగా చనిపోయారు. నల్లమలకు అవతల పల్నాడులో పశువుల మేతకు పుల్లరి కట్టమని నిలబడ్డ కన్నెగంటి హనుమంతును మించాలపాడులో 1922 ఫిబ్రవరి 22న కాల్చి చంపారు. తేదీ గమనించారా? కోయిలకుంట్ల ఉరికి సరిగ్గా 75 ఏళ్ళు. ఆ ఏడే మన్యంలో అల్లూరి సీతారామరాజు, గాము గంటందొర, మల్లుదొర లేచారు. అక్కడికి మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. రాజు తల మీద 10,000 రూపాయల బహుమతి. 1924 మే 7న ఆయన్ను కాల్చేశారు. చూడండి: బయటి బలగం, బహుమతి, వేగులు, సామూహిక శిక్ష. 1846లో మనం చెప్పుకున్న వరసే.

ఇంకో చేదు మాట. దొరలు ఎప్పుడూ ఒంటరిగా చేయలేదు. జాడ తీసింది, కబురు మోసింది, పట్టి ఇచ్చింది చాలాసార్లు మన చుట్టుపక్కలవాళ్ళే. మనవాళ్ళు కూడా. వాళ్ళను ఈ రోజు తిట్టడం సులభం. రిజిస్టరులో పేరు ఉన్న మనిషికి, బిడ్డలను లాక్కుపోతారన్న భయం ఉన్న మనిషికి ఎంత గుండె ఉండాలో ఆలోచించి తిట్టండి.

స్వరాజ్యం వస్తున్న సమయంలో మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటికీ పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మన సీమవాడే, మాడభూషి అనంతశయనం అయ్యంగారు. రద్దు చేయమని ఆ సంఘం చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఈ రోజు ఈ పందిరి. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. జాతి పేరు తీసేశారు, రిజిస్టరు ఉంచారు. గుమికూడవద్దని దొరలు రాసుకున్న 144 సెక్షను, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 163 అయింది. అంకె మారింది, అధికారం అదే.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జైళ్ళలో కులాన్ని బట్టి పని ఇవ్వడం చెల్లదంది. జైలు మాన్యువళ్ళలో విముక్త జాతులను పుట్టుకతో నేరగాళ్ళుగా చూసే మాటలు తీసేయమంది. మన జాతుల మనుషులను ఊరికే పట్టుకుపోకూడదని పోలీసులకు గుర్తు చేసింది. అంటే ఏమిటి? చట్టం పోయిన 72 ఏళ్ళకు కూడా ఆ మాటలు కాగితాల్లో బతికే ఉన్నాయి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు మూడు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, చట్టం తెలుసుకోండి. మిమ్మల్ని పట్టుకుంటే ఎందుకో చెప్పాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. మీ ఇంటివాళ్ళకు తెలియజేయాలి. లాయరును పెట్టుకునే హక్కు ఉంది, డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఇవి రాసి ఇంట్లో గోడకు అంటించండి. పోలీసుతో కొట్లాడమని నేను చెప్పడం లేదు. మీలో కొందరు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నారు, తప్పకుండా రాయండి. ఆ యూనిఫారం వేసుకున్న రోజు ఆ చింతచెట్టును గుర్తు చేసుకోండి, అంతే.

రెండోది, మీ ముసలివాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేయండి. సర్కారు రాసిన కాగితాలు చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మన జేజి చెప్పిన మాట మన దగ్గర తప్ప ఎక్కడా లేదు. చెంచుల కథ చెంచు నోట, సుగాలీల కథ గోర్ బోలిలో, మా కథ మా కుర్రు బాసలో రికార్డు చేయండి.

మూడోది, కాలేజీలో, హాస్టలులో మీ కులం అడిగితే నసగవద్దు. ఎరుకల అని, చెంచు అని, సుగాలి అని తల ఎత్తి చెప్పండి. దాచుకోవాల్సిన తప్పు మీరేమీ చేయలేదు. కనుమ కాసినవాళ్ళం, ఉప్పు మోసినవాళ్ళం, గంప అల్లినవాళ్ళం. 1911లో ఎవరో రిజిస్టరులో రాసిన మాట మన పేరు కాదు.

ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు ఈ రోజు ఇక్కడే, మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. నాయనా, ఇదీ నా జవాబు. ఇంకేమైనా అడగాలంటే భోజనాల దగ్గర అడుగు. తెలిసింది చెబుతాను, తెలియనిది ఇద్దరం కలిసి వెతుకుదాం.

 అడవికి, ఆ అడవిని కాచిన మన పెద్దలకు జోహార్లు.